ఊరికే వచ్చేది

అలివేలు లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద బోర్లా తిప్పి, అడుగునున్న మరలు ఒక్కొక్కటే విప్పి స్టీలు గిన్నెలో వేసింది. అడుగు రేకు పైకి లేవగానే ఫ్యాను రెక్కల మధ్య బూడిదరంగు నూగు దట్టంగా కనబడింది. మెత్తటి కుంచెతో దాన్ని మెల్లగా లాగి, ఆఫీసులో వాడే గాలి డబ్బాతో రెండుసార్లు ఊదింది. నూగు ఎగిరి పక్కనే ఉన్న పచ్చడి సీసా మీద వాలింది. ఎదురుగా కూర్చున్న సింధుజ ఆపరేషన్ గది బయట కూర్చున్నదానిలా చేతులు నలుపుకుంటోంది.

"ఖరాబైందా ఆంటీ?"

"ఏం పాడవలేదు. ఇంకా అయిదేళ్ళు పనిచేస్తుంది. పాతదైంది, అంతే."

పాతదవడమే ఇప్పుడు వచ్చిన చిక్కు. ఆ లాప్‌టాప్‌లో ఉన్న విండోస్‌కు ఈ అక్టోబరుతో కంపెనీవాళ్ళ మరమ్మతులు ఆగిపోయాయి. కొత్త విండోస్ వేద్దామంటే ఈ యంత్రం సరిపోదంటోంది. పాత విండోస్‌తో వచ్చేవాళ్ళను నెలాఖరు తర్వాత తమ నెట్‌వర్క్‌లోకి రానిచ్చేది లేదని పరమట్టాలోని కాలేజీ, విద్యార్థులందరికీ మెయిల్ పంపింది. సింధుజ చదివేది ఆ కాలేజీలోనే. అలివేలు హెల్ప్‌డెస్క్‌లో పనిచేసేదీ అక్కడే. పెండిల్ హిల్‌లో అలివేలు ఇంటి వెనక గదిలో సింధుజ అద్దెకు చేరడానికి ముఖ్యకారణం కూడా అదే, ఆంటీతోపాటు రైల్లో వెళ్ళొచ్చని.

మరలు బిగించి, లాప్‌టాప్‌ను మళ్ళీ వెల్లకిలా తిప్పింది. మూత మీద మూలగా ఎర్రటి మరక. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు మరల పెట్టె, భర్త కారు తాళాలు, ఈ లాప్‌టాప్ పీట మీద వరసగా పెట్టి బొట్లు పెట్టింది అలివేలే. రాలిపోకుండా ఉండాలని కుంకుమను నూనెతో తడిపింది. అది కాస్తా ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది. తర్వాత తుడవబోతే సింధుజే అడ్డుపడింది. "ఉండనీయండి ఆంటీ, పరీక్షలున్నయి" అంది.

అలివేలు పెన్‌డ్రైవ్ గుచ్చి, మీట నొక్కి పట్టుకుంది. నిమిషం లోపలే తెర వెలిగింది. నీలపు తెర, కింద వరసగా బొమ్మలు. ఫ్యాను చప్పుడు లేదు.

"లోపల ఉన్నదేమీ కదపలేదు. పెన్‌డ్రైవ్ మీదే నడుస్తోంది. చూడు, నచ్చితేనే వేద్దాం. విండోస్ బదులు వేసుకునే దీన్ని లినక్స్ అంటారు. నీ అసైన్‌మెంట్ తెరువు."

సింధుజ తెరిచింది. టైపు చేసింది. కాలేజీ పోర్టల్‌లోకి వెళ్ళింది. ఒక లెక్చరు వీడియో నడిపింది. మొహం విప్పారింది.

"ఇంత ఫాస్ట్ ఉందేంది ఆంటీ! ఎంతైతది దీనికి?"

"ఏమీ కాదు. ఊరికే."

అంతే, ఆ విప్పారిన మొహం కాస్తా ముడుచుకుంది. "ఊరికేనా? ఊరికే ఎందుకిస్తరు ఆంటీ? ఏదో ఉంటది."

"ఏమీ ఉండదే తల్లీ. దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరికైనా ఇచ్చుకోండి అని బయట పెట్టారు. మా వంటింట్లో ఉన్న కంప్యూటరు పదేళ్ళ నుంచి దీని మీదే నడుస్తోంది."

సింధుజ వంటింటి వైపు చూసింది. గ్రైండరు పక్కన, నూనె జిడ్డు పట్టిన ఆ కంప్యూటరును చూశాక ఆమెకున్న అనుమానం ఇంకాస్త పెరిగిందే తప్ప తగ్గలేదు.

"మా గ్రూప్‌ల అందరికీ విండోసే ఆంటీ. నవ్వుతరు. ఆదర్శ్ అన్న క్రాక్ ఏసిస్తనన్నడు. కొత్త విండోసే, ఫుల్ వర్షన్."

"క్రాక్ అంటే దొంగసరుకు. తాళం పగలగొట్టినవాడు లోపల ఇంకేం పెట్టాడో నీకూ తెలీదు, ఆ ఆదర్శ్‌కీ తెలీదు."

"ఇండియాల అందరం గదే వాడినం గద ఆంటీ" అంది సింధుజ, అమాయకంగానే.

అలివేలు పచ్చడి సీసా మీద వాలిన నూగు తుడిచింది. మనవాళ్ళు ఈ దేశం వచ్చాక ఎర్రడబ్బాలో వేసే చెత్త పచ్చడబ్బాలో వెయ్యరు. పిల్లి అడ్డం వచ్చినా ఆగరుగానీ రోడ్డు మీద గీత కనబడితే ఆగుతారు. లక్షల అప్పుతో ఇల్లు కొంటారు. సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొనడమనేది తెలివితక్కువ పని అయి కూర్చుంటుంది. పోనీ డబ్బు పెట్టకుండా దర్జాగా వాడుకునేది ఒకటుందంటే, అది తీసికట్టు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు.

"నీ ఇష్టం" అని పెన్‌డ్రైవ్ పీకేసింది. ఫ్యాను మళ్ళీ మొదలైంది.

గురువారం పొద్దున అలివేలు హెల్ప్‌డెస్క్‌కు వెళ్ళేసరికి వెనక బల్ల మీద ఒక లాప్‌టాప్ పసుపుపచ్చ చీటీతో ఉంది. ఆ చీటీ కట్టిందంటే జబ్బుచేసిన యంత్రమని, నెట్‌వర్క్‌కు తగిలించకూడదని అర్థం. ఆమె బ్యాగు కుర్చీకి తగిలించి, కాఫీ కప్పు మూత తీస్తూ యథాలాపంగా అటు చూసింది. లాప్‌టాప్ మూత మీద మూలగా ఎర్రటి మరక. తను పెట్టిన బొట్టును తను గుర్తుపట్టకపోవడం ఎలా?

"ఆ ఎరుపేమిటి, గోళ్ళరంగా?" అని వెనకనుంచి అడిగింది మేనేజరు డెబ్రా.

"కాదు" అంది అలివేలు.

"లోపలికి రా, నీతో మాట్లాడాలి."

డెబ్రా తలుపు దగ్గరగా వేసింది. ఎప్పుడూ వెయ్యని మనిషి. లాప్‌టాప్‌లో దొంగ విండోస్ ఉందనీ, దాంతోపాటు వచ్చిన వైరసు ఆ అమ్మాయి ఖాతాలోంచి లెక్చరర్లకూ విద్యార్థులకూ చెత్త మెయిళ్ళు కుప్పలుగా పంపిందనీ, ఖాతా మూసేశారనీ చెప్పింది. అన్నీ తగ్గు గొంతుతోనే, మర్యాదగానే చెప్పింది.

"ఇది ఎవరు వేశారని ఆ అమ్మాయిని అడిగాం. నువ్వు వేశావంది."

అలివేలు చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు బల్ల వైపు, నేల వైపు చూసింది.

"నేను వెయ్యలేదు."

"మీ ఇంట్లోనే ఉంటోందట కదా. నువ్వే విప్పి బాగుచేశావట."

"విప్పాను. దుమ్ము తీశాను. విండోస్ వెయ్యలేదు."

డెబ్రా తల ఊపింది. నమ్మినట్టా, విన్నట్టా తెలియని ఊపు. సోమవారం విచారణ ఉంటుందనీ, అలివేలు కూడా రావాలనీ, అంతవరకు కౌంటరులో కూర్చోవద్దనీ చెప్పింది. దొంగ సాఫ్ట్‌వేర్ వేసిన ఉద్యోగిని కాలేజీ ఏం చేస్తుందో వేరే చెప్పలేదు. చెప్పనక్కరలేదు. అలివేలు ప్రతి సెమిస్టరు మొదట్లో కొత్త విద్యార్థులకు ఆ నియమాలు చదివి వినిపించే మనిషే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సింధుజ వంటింట్లో గిన్నెలు తోముతోంది. మూడు నెలల్లో తను తిన్న కంచం తప్ప మరొకటి ముట్టుకోని పిల్ల, కుక్కరు అడుగున మాడు కూడా గీకుతోంది. దొంగకు తేలు కుట్టినట్టు తల వంచుకునే ఉంది.

"నా పేరు ఎందుకు చెప్పావు?" అంది అలివేలు, బ్యాగు కూడా దించకుండా.

కుళాయి ఆగింది. సింధుజ వెనక్కి తిరగలేదు.

"నాకు భయమైంది ఆంటీ. ఆదర్శ్ అన్న పేరు చెప్తే నా షిఫ్టులు పోతయి. పెట్రోల్ బంక్‌ల పని ఆయనే ఇప్పిచ్చిండు. మీరైతే స్టాఫ్ గద, మిమ్మల్నేమనరు అనుకున్న."

"నా ఉద్యోగం పోతుందని తెలీదూ?"

"తెల్వదు ఆంటీ. నిజంగ తెల్వదు" అని చేతులు తుడుచుకోకుండానే వచ్చి కాళ్ళ మీద పడబోయింది. అలివేలు వెనక్కి జరిగింది. జాలి వేస్తుందేమో అనుకుంది. వెయ్యలేదు. ఒళ్ళంతా మంట పుట్టినట్టు కోపం వచ్చింది.

"ఊరికే చేసిపెడతానంటే నేను పనికిరాలేదు. దొంగతనానికి మాత్రం నా పేరు పనికొచ్చిందా?"

భర్త లక్ష్మీనారాయణ వచ్చి సంగతంతా విన్నాడు. బ్యాంకులో రిస్కు విభాగంలో పనిచేసే మనిషి. ఇంట్లో కూడా ప్రతిదానికీ నష్టం ఎవరికి తక్కువో ముందు చూస్తాడు. పిల్ల గదిలోకి వెళ్ళాక సోఫాలో కూర్చుని మేజోళ్ళు విప్పుతూ తేల్చేశాడు.

"చూడు అలివేలూ. మనం సిటిజన్స్. నీకు మహా అయితే వార్నింగ్ ఇస్తారు. ఆ పిల్ల వీసా కాన్సిల్ అయితే? వాళ్ళ నాన్న పొలం అమ్మి పంపాడట. ఏదో పొరపాటున వేశానని చెప్పెయ్యరాదూ?"

"నేను వెయ్యలేదండీ."

"వేశావని నేనన్నానా? చెప్పమంటున్నాను."

"పదకొండేళ్ళ నుంచి ఆ బల్ల వెనక కూర్చుని చెయ్యని పని, ఒక్క మాటతో చేశానని ఒప్పుకోమంటారు."

"అబ్బా, నీకు పట్టుదలెక్కువ" అన్నాడు. ఆయన భాషలో నిజం చెప్పడానికి అదొక పేరు.

శనివారం శారదాంబ ఫోను. తెలుగు సంఘంలో పెద్దావిడ, ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆవిడకు తెలియాలి. "మన పిల్లమ్మా" అని మొదలుపెట్టింది. "పరాయి దేశంలో మనకు మనమే కదా. నువ్వు కాస్త పెద్దమనసు చేసుకుంటే ఒక పిల్ల జీవితం నిలబడుతుంది."

"మరి ఆదర్శ్‌ను ఒప్పుకోమనండి ఆంటీ. వేసింది అతనే."

"అతనికి ఇంకా ఇక్కడ స్థిరపడే పీఆర్ రాలేదమ్మా" అంది శారదాంబ. "పైగా పండక్కి స్పాన్సర్ కూడానూ."

అలివేలు ఫోను బల్ల మీద పెట్టేసింది. అందరి లెక్కలోనూ ఎవరో ఒకరు పోకూడదు. పోయినా ఫరవాలేదనిపించే మనిషి తనొక్కతే. పదకొండేళ్ళుగా సంఘం కంప్యూటర్లన్నీ ఎవరు బాగుచేశారు? ఎవరింటికి పిలిస్తే వాళ్ళింటికి మరల పెట్టెతో వెళ్ళి, టీ కూడా తాగకుండా వచ్చిందెవరు? ఎప్పుడూ డబ్బు తీసుకోలేదు. అదే తప్పయిందేమో.

సోమవారం విచారణ గదిలో కాలేజీ తరఫున ముగ్గురు కూర్చున్నారు. సింధుజ ఒక చివర, అలివేలు ఒక చివర. మధ్యలో లాప్‌టాప్, ఎర్రబొట్టు పైకి కనబడేలా. బయట జకరాండా పూలు మెట్ల నిండా రాలి ఉన్నాయి, విద్యార్థులు వాటి మీదే నడిచిపోతున్నారు.

అడిగినప్పుడు అలివేలు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "దుమ్ము తీశాను. లినక్స్ వేస్తానన్నాను, వద్దంది. దొంగ విండోస్ వెయ్యవద్దని చెప్పాను. తర్వాత ఎవరు వేశారో ఆ అమ్మాయి చెప్పాలి."

అందరూ సింధుజ వైపు తిరిగారు. ఆ పిల్ల ఆంటీ కాదని, బయట ఎవరిచేతో వేయించుకున్నానని, పేరు తెలియదని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. ఒకామె టిష్యూ డబ్బా ముందుకు తోసింది.

తీర్పు పావుగంటలో వచ్చేసింది. వీసా గీసా మాటే లేదు. సింధుజకు ఒక హెచ్చరిక, ఆన్‌లైన్‌లో చదవాల్సిన ఒక చిన్న పాఠం, అంతే. ఎవరి కాళ్ళ మీదా పడాల్సిన పని లేకపోయింది. ఆ పిల్ల జీవితం కోసం అలివేలును పడుకోబెట్టి దాటాలని చూసిన గొయ్యి తీరా చూస్తే అరడుగు లోతు కూడా లేదు.

అలివేలుతో డెబ్రా విడిగా మాట్లాడింది. "నిన్ను నేను నమ్ముతున్నాను. కానీ విద్యార్థికి గది అద్దెకిచ్చావు, ఆమె సొంత యంత్రం విప్పావు. చూసేవాళ్ళకు బాగుండదు. కొన్నాళ్ళు స్టోరు చూసుకో. జీతం అదే." పాము చావకూడదు, కర్ర విరగకూడదు. డెబ్రాకు ఆ విద్య బాగా తెలుసు.

స్టోరు నేలమాళిగలో ఉంది. కొత్త విండోస్ ఎక్కదని కాలేజీ పక్కన పెట్టిన లాప్‌టాప్‌లు అరల నిండా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, లోపలి సమాచారం చెరిపి, వెనక తుక్కు అని చీటీ అంటించి, చక్రాల పెట్టెలో పడెయ్యాలి. వారానికోసారి లారీ వస్తుంది. అలివేలు మొదటిదాన్ని తెరిచింది. మీటలన్నీ పలుకుతున్నాయి. తెర మీద గీత కూడా లేదు. రెండోదీ అంతే. మధ్యాహ్నానికి ఉండబట్టలేక పైకి వెళ్ళింది.

"వీటన్నిటికీ లినక్స్ వేసి, కొనుక్కోలేని పిల్లలకు ఇద్దామా? నేను వేస్తాను. కాలేజీకి ఖర్చేమీ లేదు."

డెబ్రా నవ్వింది, జాలిగా. "ఊరికే ఇచ్చిన వస్తువుతో రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది అలివేలూ? చీటీలు అయిపోతే చెప్పు, తెప్పిస్తాను."

అలివేలు కిందికి దిగి మూడోది తెరిచింది. చెరిపింది. చీటీ అంటించింది. గాలిబుడగ లేకుండా బొటనవేలితో నొక్కింది.

సింధుజ బుధవారం గది ఖాళీ చేసింది. ఆదర్శ్ కారు వాకిట్లో ఆగింది, అతను దిగలేదు. సూట్‌కేసు ఎత్తడానికి లక్ష్మీనారాయణ సాయం చేశాడు. "పోయొస్త ఆంటీ" అంది సింధుజ తలుపు దగ్గర, నేల చూస్తూ. అలివేలుకు తిట్టాలనిపించింది. బుద్ధిగా చదువుకో అని చెప్పాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా "మంచిది" అంది.

వీసా మీదున్న పిల్లను పట్టిచ్చిందనే మాట పెండిల్ హిల్ దుకాణాల నుంచి సంఘం వాట్సాప్ దాకా పాకింది. ఎవరూ మొహం మీద అనలేదు. ప్రతి ఏడూ దీపావళి సంబరాలకు పులిహోర అలివేలుదే. ఈసారి కేటరింగుకు ఇచ్చేశామని శారదాంబ మెసేజ్ పెట్టింది, చివర చేతులు జోడించిన బొమ్మతో. పులిహోర కలిపే ఆ పెద్ద బేసిన ఇంకా అటక మీదే ఉంది.

శనివారం కూరగాయల కోసం హారిస్ పార్క్ వెళ్ళింది అలివేలు. స్టేషను దిగి నడుస్తుంటే మొబైల్ దుకాణం అద్దం మీద కొత్త కాగితం కనబడింది. తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "పాత లాప్‌టాప్‌కు కొత్త సిస్టమ్. ఒరిజినల్. క్రాక్ కాదు. వైరస్ రాదు." కాళ్ళు వాటంతటవే ఆగాయి.

లోపల గల్లా పక్కన బల్ల వేసుకుని ఆదర్శ్ కూర్చున్నాడు. బల్ల మీద నమూనాగా తెరిచి పెట్టిన లాప్‌టాప్. నీలపు తెర, కింద వరసగా బొమ్మలు. మూత మూల ఎర్రబొట్టు. పక్కన నిలబడి సింధుజ ఇంకో అమ్మాయికి చూపిస్తోంది. "చూడు, ఎంత ఫాస్ట్ ఉందో. నాదీ ఇదే. కాలేజోళ్ళు గూడ ఏమనరు."

ఆదర్శ్ అలివేలును చూసి చటుక్కున లేచాడు. సిగ్గుపడతాడేమో అనుకుంది. అతని మొహంలో అలాంటిదేమీ లేదు.

"రండి ఆంటీ, రండి! మీరు చెప్పిందే కరెక్ట్ అండీ. క్రాకులు పూర్తిగా మానేశాం. ఇప్పుడు స్టూడెంట్స్ అందరికీ ఇదే వేస్తున్నా. రష్ తట్టుకోలేకపోతున్నామంటే నమ్మండి."

"డబ్బు తీసుకుంటున్నావా?"

"సర్వీసు ఆంటీ. తప్పు లేదు కదా, దాని రూల్సే ఒప్పుకుంటాయి. చదివాను."

నిజమే. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అలివేలుకు ఆ నియమం అతనికన్నా ముందు తెలుసు. దానిలో తనకు ఎంతో నచ్చిన సంగతి కూడా అదే. అతను చేసినదానిలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అదే ఆమెకు ఎక్కువ మండింది.

కొత్తగా వచ్చిన అమ్మాయి బ్యాగులోంచి తన పాత లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పేరు సాయిప్రియ అట. వచ్చి వారమైనా కానట్టుంది, చెప్పులింకా ఊరివే. పెద్దావిడ కనబడేసరికి ప్రాణం లేచొచ్చినట్టు అడిగింది.

"ఆంటీ, మీకు తెలుసా ఇది? మంచిదేనా?"

"చాలా మంచిది" అంది అలివేలు. అది చెప్పకుండా ఉండలేదు. ఆగి, "కానీ అది ఊరికే వస్తుందమ్మా. దానికి డబ్బు ఇవ్వక్కర్లేదు. పెండిల్ హిల్‌లో మా ఇల్లు. రేపు రా, నేను వేసిస్తాను" అంది.

ఆదర్శ్ కాదనలేదు. చిన్నగా నవ్వుతూ వైరు చుట్టుకుంటున్నాడు. సాయిప్రియ అలివేలును కిందనుంచి పైదాకా చూసింది, తర్వాత సింధుజ వైపు తిరిగింది. ఆంటీ చెప్పింది నిజమేనా అన్నట్టు.

సింధుజ నోరు విప్పితే చాలు. అవునంటే చాలు. అలివేలు ఆ ఒక్క మాట కోసం నిలబడింది. సింధుజ లాప్‌టాప్‌ను కాస్త పక్కకు తిప్పి, బొట్టున్న మూల మీద చెయ్యి ఆనించి, తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఊరికే ఎందుకిస్తారాంటీ?" అంది సాయిప్రియ, నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "ఏదో ఉంటుంది." తన లాప్‌టాప్‌ను ఆదర్శ్ ముందుకు జరిపింది. "అన్నా, మీ ఒరిజినలే వెయ్యండి." కార్డు తీసి డబ్బు కట్టే యంత్రానికి ఆనించింది. అది కూత కూసింది.

అలివేలు బయటికి వచ్చేసింది. రెండు వీధులు దాటి కూరగాయల దుకాణంలోకి వెళ్ళి వంకాయలు, బెండకాయలు, చిక్కుళ్ళు ఏరుకుంది. చేతులు అలవాటు కొద్దీ ఏరుతున్నాయి. గల్లా దగ్గర దుకాణం ముసలాయన డబ్బు తీసుకుని, పక్కనున్న తడి గోనె కిందనుంచి కొత్తిమీర కట్ట ఒకటి తీసి ఆమె సంచీలో పడేశాడు.

"దానికెంత?"

"వద్దమ్మా, ఊరికే. తీసుకెళ్ళు."

వీధి చివర బెంచీ మీద సంచీ దించి, అలివేలు ఆ కట్ట బయటికి తీసింది. దారం విప్పింది. కాడలు విడదీసి, లోపలెక్కడైనా కుళ్ళిందేమోనని వేళ్ళతో ఒక్కొక్క రెమ్మే తిరగేసి చూసింది. అడుగుదాకా చూశాక గానీ తను ఏం చేస్తోందో ఆమెకు తెలియలేదు. ఒక్క ఆకు కూడా వాడిపోలేదు.